బ్యాచ్‌లో పెద్దవాడెవరు?

మీ ఉత్తరం – మా జవాబు

ఈ నెల ఉత్తరాల కట్ట విప్పితే ఎక్కువ భాగం ఒకటే గోడు: ‘మా వాడు ఏదో బ్యాచ్‌లో తిరుగుతున్నాడు.’ శ్రీకాకుళం నుంచి, విజయనగరం నుంచి, మధ్యలో రాజాం, చీపురుపల్లి నుంచి. అందుకే ఈసారి ఆస్తి తగాదాలు, అత్తాకోడళ్లు పక్కన పెట్టి ఈ ఒక్క విషయానికే పేజీ ఇస్తున్నాను. నేను వకీలుని కాను. ప్రొబేషన్ అధికారిగా పనిచేసి రిటైరైనదాన్ని. ఇళ్లకు వెళ్లి, అరుగు మీద కూర్చుని, కేసుల్లో ఇరుక్కున్న పిల్లల గురించి, ఆ కేసులు చూసే బాలల న్యాయ బోర్డుకు నివేదికలు రాయడం నా ఉద్యోగం.

రాసినవాళ్ల పేర్లూ ఆనవాళ్లూ తీసేశాను. అది మర్యాద కోసమే కాదు, చట్టమూ అదే చెబుతోంది. కేసులో ఉన్న పిల్లవాడి పేరు, బడి, చిరునామా బయటపెడితే 2015 బాలల న్యాయ చట్టం 74వ సెక్షన్ కింద ఆరు నెలల దాకా జైలు, రెండు లక్షల దాకా జరిమానా, లేదా రెండూ. ‘ఈ కుర్రాణ్ణి గుర్తుపట్టండి’ అని వాట్సాప్ గ్రూపుల్లో ఫొటోలు తిప్పే పెద్దమనుషులు కూడా ఇది చదువుకోవాలి.

ప్రశ్న: మేడమ్ గారికి నమస్కారం. మాది శ్రీకాకుళం. మా ఆయన హైదరాబాదులో సెంట్రింగ్ పని చేస్తారు, సంక్రాంతికే ఇంటికి వస్తారు. పెద్దబ్బాయికి పదహారు నిండాయి, ఇంటర్ మొదటి సంవత్సరం. మిలిటరీకి వెళ్తానని తెల్లవారకముందే గ్రౌండుకు వెళ్లి పరుగులు తీసేవాడు. ఇప్పుడు అది మానేసి ఒక బ్యాచ్‌తో తిరుగుతున్నాడు. మొన్న కాలేజీ దగ్గర రెండు బ్యాచ్‌లు కర్రలతో కొట్టుకున్నాయి. ఒకబ్బాయికి తల పగిలి కుట్లు పడ్డాయి. మా వాడు నేను కొట్టలేదంటాడు, కానీ అక్కడే ఉన్నాడు. పోలీసులు రాత్రంతా స్టేషన్‌లో కూర్చోబెట్టి మర్నాడు బోర్డు ముందు పెడితే బెయిలు వచ్చింది. ఇక మిలిటరీకి పనికిరాడా? వాళ్ల నాన్న దగ్గరికి పంపేయమంటారా?

జవాబు: అమ్మా, మీకు నిద్ర పట్టనివ్వనిది మిలిటరీ సంగతే కాబట్టి ముందు అదే చెబుతాను. పద్దెనిమిది నిండని పిల్లవాడు తప్పు చేశాడని బోర్డు తేల్చినా, ఆ కారణంగా అతనికి ఏ అనర్హతా ఉండకూడదని ఇదే చట్టం 24వ సెక్షన్ చెబుతోంది. అప్పీలు గడువు దాటాక రికార్డును ధ్వంసం చేయాలి కూడా. కేసు ముగిశాక ప్రవర్తన ధ్రువపత్రం కోసం ఎవరడిగినా పోలీసులు ఆ వివరాలు చెప్పకూడదు. ఒక మినహాయింపు ఉంది. పదహారు దాటినవాడు ఘోర నేరం చేశాడన్న అభియోగం మీద, పెద్దవాడితో సమానంగా బాలల కోర్టులో విచారణ జరిగి దోషిగా తేలితే ఈ రక్షణ వర్తించదు. ఘోర నేరమంటే కనీస శిక్ష ఏడేళ్లో అంతకు మించో ఉన్నది. మీరు రాసిన కర్రల గొడవ అందులోకి రాదు. హత్యాయత్నం సెక్షన్ పెట్టినా రాదు. దానికి కనీస శిక్షంటూ చట్టంలో లేదు. గరిష్ఠ శిక్ష ఎంత పెద్దదైనా, కనీసం ఏడేళ్లని లేకపోతే అది ఘోర నేరం కాదని సుప్రీంకోర్టు 2020లో తేల్చింది. కాబట్టి వాడి బూట్లు అటక మీద పడేయకండి. అయితే కేసు నడుస్తుండగా దరఖాస్తు పెట్టాల్సి వస్తే, ఏ గడిలో ఏం రాయాలో వకీలును అడిగే రాయాలి. ఉన్నది దాచారన్న మాట రాకూడదు.

రాత్రంతా స్టేషన్‌లో కూర్చోబెట్టడం గురించి. పిల్లవాణ్ణి లాకప్‌లో పెట్టకూడదు. స్టేషన్‌లోని బాలల సంక్షేమ పోలీసు అధికారికి అప్పగించాలి, తల్లిదండ్రులకు కబురు చేయాలి, ఇరవై నాలుగు గంటల్లో బోర్డు ముందు పెట్టాలి. మీ విషయంలో గడువు పాటించారు, మిగతావి జరిగాయో లేదో మీ ఉత్తరంలో లేదు. వాయిదా రోజున వకీలు చేత బోర్డుకు చెప్పించండి. వకీలుకు డబ్బు లేకపోతే జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా ఇస్తుంది, 15100కి ఫోన్ చేసి అడగవచ్చు.

ఇప్పుడు నేను అడిగేదానికి మీరు జవాబు వెతకాలి. ఆ బ్యాచ్‌లో పద్దెనిమిది దాటినవాడు ఎవరు? ఒకడు ఉండి తీరతాడు. పదహారేళ్ల పిల్లలు తమంతట తాము టీ బంకుకు నెలవారీ ఖాతా పెట్టుకోలేరు. ఆ పెద్దవాడి వల్ల మీ అబ్బాయికి ఏం నష్టమో చూడండి. మామూలుగా అయితే ఘోర నేరం కానప్పుడు పిల్లవాడి మీద ఎఫ్‌ఐఆర్ కట్టకూడదు, స్టేషన్ డైరీలో నమోదు చేసి, సామాజిక నేపథ్య నివేదికతో బోర్డుకు పంపాలి. ఈ చట్టం కింద వచ్చిన 2016 నమూనా నియమాలు అలాగే చెబుతున్నాయి. కానీ పెద్దవాళ్లతో కలిసి చేశాడంటే ఎఫ్‌ఐఆర్ పడుతుంది. బెయిలూ అంతే. పిల్లలకు బెయిలివ్వడమే పద్ధతి. వదిలితే పేరుమోసిన నేరగాడి సావాసంలో పడతాడని బోర్డుకు గట్టిగా అనిపిస్తే మాత్రం ఆపవచ్చు. అంటే ఆ ‘అన్న’ పక్కన నిలబడడమే మీ వాడికి కేసును బరువు చేస్తోంది. ఈ సంగతి వాడికి మీరు చెబితే వినడు, వకీలు చేత చెప్పించండి.

ప్రొబేషన్ అధికారి మీ ఇంటికి ఇంకా రాకపోతే త్వరలో వస్తారు. ఇల్లు సర్ది, కొత్త దుప్పటి పరిచి భయపడుతూ కూర్చోకండి. నేనైతే ఏ ఇంటికి వెళ్లినా మొదట అడిగేది ‘పొద్దున అబ్బాయిని ఎవరు లేపుతారు?’ అని. ఆ ప్రశ్నకు ఇంట్లో ముగ్గురూ ఒకరి ముఖం ఒకరు చూసుకుంటే నాకు సగం సంగతి తెలిసిపోయేది. మన జిల్లాల్లో ఆ జవాబు చాలా ఇళ్లలో ‘మామ్మ’. తండ్రి హైదరాబాదులోనో చెన్నైలోనో, మత్స్యకారుల ఇళ్లలో అయితే గుజరాత్ తీరంలో వేరావల్‌లోనో ఉంటాడు. తల్లి కూడా పనికి వెళ్తుంది. మామ్మకు కళ్లు కనబడవు, వాడికి భయం లేదు. వలసను నేను తప్పుపట్టడం లేదు, పొట్ట నింపేది అదే. పిల్లవాడు రాత్రి పదింటికి ఎక్కడున్నాడని అడిగే మగ గొంతు ఇంట్లో లేనప్పుడు ఆ ఖాళీని వీధి చివర ఒకడు కనిపెట్టి కూర్చుంటాడు, అంతే.

హైదరాబాదు పంపడం మాత్రం వద్దు. చదువు ఆగిపోతుంది, వాయిదాలకు రాలేక బెయిలు చిక్కుల్లో పడుతుంది, అక్కడ ఇంకో బ్యాచ్ దొరుకుతుంది. దానికి బదులు వాళ్ల నాన్నను రోజూ రాత్రి వీడియో కాల్ చేయమనండి. తిట్టడానికి కాదు, ఆ రోజు ఎన్ని నిమిషాల్లో పదహారు వందల మీటర్లు పరిగెత్తాడో అడగడానికి. గ్రౌండులో పరుగు నేర్పేవాళ్లెవరైనా ఉంటే ‘వీడు రోజూ వస్తున్నాడు’ అని ఒక కాగితం రాయించుకుని ప్రొబేషన్ అధికారికి ఇవ్వండి. బోర్డులో మెజిస్ట్రేటుతో పాటు ఇద్దరు సామాజిక కార్యకర్తలు కూర్చుంటారు, అలాంటి కాగితం విలువ వాళ్లకు తెలుసు.

ప్రశ్న: అమ్మా, నేను విజయనగరంలో గంటస్తంభం దగ్గర ఏళ్లుగా వ్యాపారం చేస్తున్నవాణ్ణి. అర్ధరాత్రి నడిరోడ్డు మీద బండ్లు అడ్డంపెట్టి కత్తితో కేకు కోస్తున్నారు. పుట్టినరోజుకు చందా అని వస్తే గొడవెందుకని మేమే తలా అయిదు వందలు ఇస్తున్నాం. మైనర్లని చెప్పి చట్టం ముద్దు చేస్తోంది. నాలుగు తగిలించి, ఒకసారి జైలు తిప్పి చూపిస్తే బుద్ధి రాదా? మా కాలంలో ఇవన్నీ ఉన్నాయా?

జవాబు: షావుకారు గారూ, జైలు చూపించే ఉపాయం పాతదే. అమెరికాలో న్యూజెర్సీ రాష్ట్రంలో 1970ల్లో దారి తప్పిన పిల్లల్ని జైలుకు తీసుకెళ్లి, యావజ్జీవ ఖైదీల చేత గట్టిగా అరిపించి భయపెట్టారు. బాగుందని చాలా రాష్ట్రాలు అందుకున్నాయి. తర్వాత అలాంటి ప్రయోగాల ఫలితాలన్నీ కలిపి లెక్క చూస్తే, జైలు చూసి వచ్చిన పిల్లలే చూడనివాళ్లకంటే ఎక్కువగా నేరాల్లోకి వెళ్లారు. నాకు ఇందులో ఆశ్చర్యం కనబడలేదు. పదహారేళ్లవాడికి జైల్లో కనబడేది శిక్ష కాదు, తనకంటే పెద్ద పేరున్న మనిషి.

చట్టం ముద్దు చేస్తోందనడమూ సరికాదు. పదహారు దాటినవాడు ఘోర నేరం చేస్తే, వాడి మానసిక, శారీరక సామర్థ్యం, పర్యవసానాలు తెలిసే చేశాడా, ఏ పరిస్థితుల్లో చేశాడు అన్నవి బోర్డు అంచనా వేసి, పెద్దవాడిగానే విచారించమని బాలల కోర్టుకు పంపవచ్చు. మీ కాలంలో ఇవి లేవంటారు. 1927లోనే ఫ్రెడరిక్ థ్రాషర్ అనే ఆయన ఒక్క షికాగో నగరంలో 1,313 గ్యాంగులను లెక్కగట్టాడు. వాటిలో చాలావాటికి మొదలు వీధిలో పిల్లల ఆట. అప్పుడు ఇన్‌స్టాగ్రామూ లేదు, మోటారు సైకిళ్ల హోరూ ఇంత లేదు.

కోపం తెచ్చుకోనంటే ఒక మాట. కేకు కోసిన కత్తి ఏ పిల్లవాడి ఇంట్లోదీ కాదు. పుట్టినరోజూ వాళ్లది కాదు. ఆ పుట్టినరోజు ఎవరిదో మీకు తెలుసు, చందా రాసుకున్నది ఎవరో కూడా తెలుసు. బజారంతా ఏటా తలా అయిదు వందలు ఇచ్చి ఆ మనిషిని పోషిస్తూ, అర్ధరాత్రి బండి అడ్డంపెట్టిన పదిహేనేళ్లవాణ్ణి మాత్రం కొట్టమంటున్నారు. బాలల న్యాయ చట్టంలోనే 83వ సెక్షన్ రెండో భాగం ఉంది. పిల్లల్ని ఒంటరిగా గానీ గ్యాంగుగా గానీ చట్టవిరుద్ధమైన పనులకు వాడుకునే పెద్దవాడికి ఏడేళ్ల దాకా కఠిన కారాగారం, అయిదు లక్షల జరిమానా. వర్తక సంఘం తరఫున ఒక అర్జీ రాసి, ఆ పెద్దమనిషి పేరు పెట్టి, పిల్లల పేర్లు పెట్టకుండా జిల్లా ఎస్పీ గారికి ఇవ్వండి. ఒక్కరే ఇస్తే మీ షట్టరు మీద రాయి పడుతుందని భయమైతే, పాతికమంది సంతకాలు పెట్టండి.

ప్రశ్న: మా అబ్బాయి పదో తరగతి. నా బండి తాళాలు ఇవ్వకపోతే అన్నం మానేస్తున్నాడు. ఇస్తే తప్పా? – ఒక తండ్రి, చీపురుపల్లి

జవాబు: తప్పే. మైనరు బండి నడిపి ఏదైనా నేరం జరిగితే, 2019లో మారిన మోటారు వాహనాల చట్టం ప్రకారం బండి యజమానిగా దోషి మీరే. మూడేళ్ల దాకా జైలు, 25,000 రూపాయల జరిమానా, బండి రిజిస్ట్రేషన్ ఏడాది రద్దు, వాడికి పాతికేళ్లు వచ్చేదాకా లైసెన్సు లేదు. అన్నం రేపు తింటాడు.

ప్రశ్న: నమస్తే. నేను శృంగవరపుకోట వైపు ఒక ఉన్నత పాఠశాలలో ఉపాధ్యాయుణ్ణి. తొమ్మిదో తరగతి అబ్బాయి ఒకడు, తండ్రి లేడు, తల్లి ఉపాధి హామీ పనికి వెళ్తుంది. వారానికి ఒకరోజు బడికి రాడు. చేతిలో కొత్త ఫోను. ఎవరో సంచి ఇస్తే బస్సులో విజయనగరం కాంప్లెక్స్ దాకా తీసుకెళ్లి ఒకరికి ఇచ్చి వస్తాడట, వెయ్యి రూపాయలు ఇస్తారట. తోటి పిల్లవాడు చెప్పాడు. పోలీసులకు చెబితే వీణ్ణే పట్టుకుంటారేమో, చెప్పకపోతే ఏమవుతుందో అని మథనపడుతున్నాను.

జవాబు: మాస్టారూ, సంచిలో ఏముందో మీరూ రాయలేదు, నేనూ చూడలేదు. కానీ అరకు నుంచి దిగే రోడ్డు మీ ఊరి మీదుగానే విజయనగరం వస్తుంది. ఆంధ్రా–ఒడిశా సరిహద్దు కొండల్లో పండే గంజాయి కిందికి దిగే దారుల్లో అదొకటి. అనుమానం న్యాయమైనదే.

ఆ పనికి పిల్లవాణ్ణి ఎందుకు ఎంచుకున్నారో ఆలోచించండి. బడి యూనిఫాం వేసుకున్నవాడి సంచిని బస్సులో ఎవరూ తడమరు. పట్టుబడినా వాడికి పెద్ద శిక్ష పడదని పంపినవాడికి తెలుసు. మనకంటే చట్టం బాగా చదివింది వాడే. పిల్లవాడికి మాత్రం బరువుల లెక్క ఎవరూ చెప్పరు. గంజాయి కిలో దాకా అయితే ఏడాది వరకు శిక్ష, కిలో దాటి ఇరవై లోపు అయితే పదేళ్ల దాకా, ఇరవై కిలోలు దాటితే కనీసం పదేళ్లు, గరిష్ఠంగా ఇరవై. అంటే మొదటి నెల చిన్న పొట్లం మోసినవాడు నమ్మకం కుదిరాక పెద్ద సంచి మోస్తాడు. ఆ సంచి ఇరవై దాటిన రోజున అది ఘోర నేరాల వరసలోకి వచ్చేసింది. మీ అబ్బాయి ఇంకా పదహారు లోపే ఉంటాడు కనుక పెద్దవాడిగా విచారించే ప్రసక్తి లేదు. రెండేళ్లు ఇలాగే మోస్తే ఆ మాట చెప్పలేం.

ముందు చేయకూడనివి చెబుతాను. సంచి మీరు తెరిచి చూడవద్దు, ముట్టుకోవద్దు. స్టాఫ్ రూములో నిలబెట్టి నలుగురు ఉపాధ్యాయులు ప్రశ్నలు వేయవద్దు. వాడు సాయంత్రానికల్లా సంచి ఇచ్చినవాడికి చెప్పేస్తాడు, మర్నాటి నుంచి బడికే రాడు. చెప్పిన తోటి పిల్లవాడి పేరు ప్రధానోపాధ్యాయుడికి కూడా చెప్పకండి.

హాజరు పట్టీ తీసి, వాడు రాని తేదీలు ఒక కాగితం మీద వరసగా రాయండి. పక్కన సోమవారమో మంగళవారమో, ఏ వారమో రాయండి. ఒకే వారం మళ్లీ మళ్లీ వస్తుంటే ఆ కాగితమే మాట్లాడుతుంది. దాన్ని పట్టుకుని స్టేషన్‌కు కాదు, జిల్లా బాలల సంక్షేమ కమిటీ దగ్గరికి వెళ్లండి, లేదా పిల్లల సహాయవాణి 1098కి ఫోన్ చేయండి. మత్తుపదార్థాల వాడకంలోకో రవాణాలోకో లాగబడే ప్రమాదమున్న పిల్లవాణ్ణి చట్టం రక్షణ, సంరక్షణ అవసరమైన బిడ్డగా చూస్తుంది. పట్టుబడకముందు ఆ తలుపు తడితే వాడు బాధితుడు. పట్టుబడ్డాక అయితే అదే పిల్లవాడి పేరు ముందు ‘చట్టంతో ఘర్షణ పడిన’ అని రాస్తారు. మీరు తటపటాయించే రోజులు ఈ రెండింటి మధ్య ఉన్నాయి.

పంపినవాడి విషయం వేరు. మత్తు సరుకు మోయడానికి పిల్లల్ని వాడుకుంటే బాలల న్యాయ చట్టం 78వ సెక్షన్, ఏడేళ్ల దాకా కఠిన శిక్ష. నేరం చేయించడానికి పిల్లవాణ్ణి పనిలో పెట్టుకుంటే భారతీయ న్యాయ సంహిత 95వ సెక్షన్, మూడేళ్లకు తగ్గకుండా పదేళ్ల దాకా. ఇక్కడ నాకు మింగుడుపడనిది ఒకటుంది. 2021లో చేసిన సవరణ వల్ల బాలల న్యాయ చట్టంలో మూడు నుంచి ఏడేళ్ల శిక్ష పడే నేరాల్లో మెజిస్ట్రేటు ఉత్తర్వు లేకుండా పోలీసులు దర్యాప్తు మొదలుపెట్టలేరు. షావుకారు గారికి చెప్పిన 83, మీకు చెబుతున్న 78 రెండూ ఆ వరసలోవే. పిల్లల్ని కాపాడడానికి రాసిన సెక్షన్‌కు గడియ పెట్టినట్టయింది. గంజాయి అయితే మత్తుపదార్థాల చట్టం కింద పోలీసులే నేరుగా కదలవచ్చు కనుక మీకు ఆ అడ్డంకి ఉండదు. రాష్ట్రంలో దీనికోసమే ‘ఈగల్’ విభాగం ఉంది, 1972కి ఫోన్ చేయవచ్చు. సంచి ఇచ్చే మనిషి గురించి అక్కడ చెప్పండి, పిల్లవాడి గురించి కమిటీకి చెప్పండి. ఆ రెండూ కలపకండి.

తల్లిని ‘మీకు తెలియకుండానే కొత్త ఫోను వచ్చిందా?’ అని అడగవద్దు. తెలిసే ఉంటుంది. ఆ వెయ్యితో కిరాణా బాకీ తీరి ఉంటుంది. తండ్రి లేని పిల్లలకు ప్రభుత్వం నుంచి అందే సాయమేదైనా ఉందేమో అదే కమిటీలో అడిగి, ఆ దరఖాస్తు కాగితంతో ఇంటికి వెళ్లండి. మాట అక్కడి నుంచి మొదలుపెట్టండి.

ప్రశ్న: మేడమ్, నాకు పదిహేడు దాటాయి. విజయనగరమే. బ్యాచ్‌లో ఉన్నాను. మా అన్న చెడ్డవాడు కాదు. మా నాన్న ఆసుపత్రిలో ఉన్నప్పుడు అర్ధరాత్రి రక్తం ఇప్పించాడు. ఇప్పుడు ఎవరినో బెదిరించడానికి రమ్మంటున్నాడు. వెళ్లకపోతే ద్రోహి అంటారు. బయటికి రావడం ఎలా?

జవాబు: బాబూ, రక్తం ఇప్పించినందుకు నువ్వు కృతజ్ఞత పెట్టుకోవడం మంచి బుద్ధే. పద్దెనిమిది నిండగానే బ్లడ్ బ్యాంకుకు వెళ్లి నువ్వు కూడా ఒకరికి రక్తం ఇవ్వు. ఆ బాకీ అలా తీరుతుంది. మనుషుల్ని బెదిరించి తీర్చే బాకీ కాదది.

బయటికి రావడం నువ్వనుకున్నంత పెద్ద యుద్ధం కాకపోవచ్చు. అమెరికాలోని రోచెస్టర్ నగరంలో 1988 నుంచి వెయ్యిమంది బడిపిల్లల్ని ఏళ్ల తరబడి వెంబడించి, గ్యాంగులో ఎప్పుడు చేరారు, ఎప్పుడు మానేశారు, ఏమేం చేశారు అని అడుగుతూ పోయారు. కొద్దికాలం ఉండి వచ్చినవాళ్లను చూస్తే, చేరకముందు వాళ్లకూ మిగతా పిల్లలకూ పెద్ద తేడా లేదు. ఉన్నంతకాలం నేరాలు పెరిగాయి, వచ్చేశాక తగ్గాయి. చాలామంది ఏడాదికి మించి ఉండనే లేదు. అక్కడి గ్యాంగులు తుపాకులతో వీధులు పంచుకునేవి, మనవి ఫ్లెక్సీలతో వీధులు పంచుకునేవి. అక్కడి వాళ్లకే సాధ్యమైంది నీకెందుకు కాదు?

నీకు ఇంకొకటి ఎవరూ చెప్పి ఉండరు. పద్దెనిమిది నిండిన తర్వాత చేసినదానికి నీకు బోర్డు ఉండదు, పెద్దల కోర్టే. అప్పుడు మీ బ్యాచ్‌లో పదిహేనేళ్లవాణ్ణి ఎవణ్ణయినా వెంట తీసుకుని గొడవకు వెళ్లావనుకో, పిల్లల్ని వాడుకున్న పెద్దవాడి కింద నీ పేరే రాస్తారు. పుట్టినరోజు దగ్గర్లో ఉంది కనుక గుర్తుపెట్టుకో.

మానేస్తున్నానని సభపెట్టి చెప్పకు. పరీక్షలని చెప్పు, నాన్నను ఆసుపత్రికి తీసుకెళ్లాలని చెప్పు, సాయంత్రాలు వేరే పనిలో ఉండు. గ్రూపులోంచి బయటికి రాకు, మోత ఆపెయ్. మూడుసార్లు పిలిచి రాకపోతే నాలుగోసారి పిలవడం వాళ్లకే బద్ధకం. నిజంగా బెదిరిస్తే మాత్రం దాచకు. నాన్నను తీసుకుని స్టేషన్‌లో బాలల సంక్షేమ పోలీసు అధికారి ఎవరని అడుగు, ప్రతి స్టేషన్‌లో ఒకరు ఉండాలి. 1098 రాత్రి కూడా పలుకుతుంది.

ఫ్లెక్సీ సంగతీ చెప్పాలి. పైన నాయకులు దండం పెడుతూ ఉంటారు, మధ్యలో తెల్లచొక్కా, నల్లకళ్లద్దాలతో అన్న నిలువెత్తున ఉంటాడు, కింద రెండు వరసల్లో తపాలా బిళ్లలంత మీ ముఖాలు, ఒక్కొక్క ముఖం కింద ఇంటిపేరుతో సహా పేరు. ఆ బిళ్ల కోసం మీరే డబ్బులు వేసుకుంటారు. రేపు గొడవ జరిగితే ఎవరెవరున్నారని పోలీసులు ఊరంతా తిరగక్కర్లేదు, ఆ కింది వరసలు చదువుకుంటే చాలు. ఈసారి ఫొటో ఇవ్వకు. అడిగితే మంచిది లేదని చెప్పు.